ఎవరి కనెక్షన్ వారిదే

సేవ్ అయిందని ఆకుపచ్చ అక్షరాలతో చెప్పి, పేజీ తిప్పి మళ్లీ చూస్తే ఏదీ సేవ్ కాకపోవడాన్ని అబద్ధమనవచ్చా, అనకూడదా? మనిషైతే అనవచ్చు. మనిషైతే కళ్లు ఎటు తప్పించుకుంటున్నాయో చూసి, నువ్వు చెప్పేది నిజం కాదని మొహం మీదే అనవచ్చు. దీనికి మొహమే లేదు. నడవ పైకప్పుకు బోర్లించిన పళ్లెంలా అతుక్కుని, మధ్యలో నీలం చుక్క ఒకటి వెలిగించుకుని, లోకంతో తనకేమీ పని లేనట్టు కిందకి చూస్తోంది. దానికి ఎదురుగా, సామాన్ల గది గుమ్మంలో, ఒక కాలు పొట్టిదైన స్టూలు మీద, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న అతనికి మాత్రం పొద్దుటి నుంచీ లోకమంతా దానితోనే పని.

మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. కాసేపు ముట్టుకోకపోతే చాలు, నువ్వెవరన్నట్టు బయటికి నెట్టి తలుపేసుకుంటుంది. పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, వింత గుర్తొకటి ఉండాలి అని పొద్దున్నే షరతులు పెట్టి తన చేతే పెట్టించుకున్న పాస్‌వర్డ్ అది. ఇప్పుడు ఆ వింత గుర్తు ఏ మీటలో ఉందో వెతుక్కోవడం తన వంతు. కొట్టాడు. తప్పన్నది. మళ్లీ అదే కొట్టాడు. ఒప్పుకుంది. రెండింటికీ తేడా ఏమిటో అతనికి తెలియలేదు, తెలుసుకునే ఓపికా మిగల్లేదు.

ఇంత చేసి ఏ మార్పు చేసినా, దాన్ని అమలు చెయ్యమంటారా అని మర్యాదగా అడుగుతుంది. చెయ్యమంటే వైఫై మొత్తం ఆగిపోయి, నింపాదిగా మళ్లీ లేస్తుంది. ఆ మధ్యలో ముందు గదిలోంచి వదిన గొంతు గోడ దాటి వస్తుంది.

"మరిదిగారూ, మళ్లీ పోయింది."

ఆ 'మళ్లీ'ని ఆవిడ కావాలని నొక్కుతోందని అతని అనుమానం. నొక్కకపోయినా నొక్కినట్టే వినిపించే స్థితికి అతని చెవులు వచ్చేశాయి.

అది అతని తోడల్లుడి రక్తపరీక్షల సెంటర్. భార్యకు అక్క అయిన వదిన రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఆవిడ భర్త, అంటే తోడల్లుడు, సెంటరంతా తానై తిరుగుతుంటాడు. ముందు గది వెనక పొడుగాటి నడవ. నడవకు ఒక పక్క రక్తం తీసే గది, ఇంకో పక్క పరీక్షల మిషన్లు, చివర ఈ సామాన్ల గది. ఇన్నాళ్లూ ఇంటర్నెట్ వాళ్లిచ్చిన చిన్న డబ్బాతోనే ఈడ్చుకొచ్చారు. దాని సిగ్నల్ వెనక గదుల దాకా వచ్చేసరికి ప్రాణాలు వదిలేసేది. తోడల్లుడికి చిన్నవంటే చిన్నచూపు కాబట్టి ఏకంగా పెద్ద పెద్ద ఆఫీసుల్లో పైకప్పుకు పెట్టే యాక్సెస్ పాయింట్ అనే వైఫై డబ్బా తెప్పించాడు. దాన్ని పైకి బిగించడానికి ఎలక్ట్రీషియన్ని పిలిచాడు. లోపల సెట్టింగులు పెట్టడానికి మాత్రం ఎవరినీ పిలవలేదు. "మనవాడుండగా ఎవడెందుకు" అన్నాడట.

ఆ మనవాడు తను. కట్టబోయే భవనాల డ్రాయింగుల్లో తప్పులు చూసిపెట్టడం అతని ఉద్యోగం. మెట్టు ఎత్తు సరిగా ఉందా, తలుపు తీస్తే గోడకు కొట్టుకుంటుందా, అదీ అతను రోజంతా చూసేది. వైఫైకీ అతనికీ ఉన్న చుట్టరికం అత్తవారింట్లో మొదలైంది. పెళ్లైన కొత్తలో ఆ ఇంట్లో అతను పెద్దగా ఎవరి లెక్కలోనూ ఉండేవాడు కాదు. అందరూ హాల్లో ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుకుంటుంటే, కిటికీ పక్క కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. చిన్నల్లుడు మంచివాడే గానీ నోట్లో నాలుక లేదని అత్తగారు బాధపడేది. తోడల్లుడు వస్తే ఇల్లు నిండిపోయేది. తను వస్తే ఒక కుర్చీ నిండేది. అలాంటి రోజుల్లో ఒకనాడు టీవీకి నెట్ రావడం లేదని అందరూ తలలు పట్టుకుంటే, అతను లేచివెళ్లి డబ్బా ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. అంతే. బొమ్మ వచ్చింది. మామగారు భుజం తట్టి, మా చిన్నల్లుడి చెయ్యి పడితే చాలన్నాడు. తోడల్లుడి పిల్లలు ఆ పూటే 'వైఫై బాబాయి' అని పేరు పెట్టేశారు.

ఆ పేరుతో ఆ ఇంట్లో అతనికొక చోటు దొరికింది. ఇప్పుడు హాల్లోకి వెళ్తే అడగడానికి ఎవరి దగ్గరైనా ఒక ప్రశ్న ఉంటుంది: ఫోన్ స్లో అయింది, ఫొటోలు ఎక్కడికో పోయాయి, ప్రింటర్ రానంటోంది. తెలిసినవి చేసేవాడు. తెలియనివి ఇంటికెళ్లి రాత్రంతా వెతుక్కుని, మర్నాడు తెలిసినట్టు చెప్పేవాడు. 'నాకు తెలీదు' అనే మాట అతని నోట రావడం మానేసి చాలా కాలమైంది. ఆ మాటంటే కుర్చీ ఖాళీ చెయ్యాలేమోనన్న భయం ఎక్కడో అడుగున ఉండేది. ఆ భయాన్ని అతను ఎప్పుడూ పైకి తీసి చూసుకోలేదు. చూసుకోవలసి వచ్చినప్పుడల్లా అతనికి చిరాకు వచ్చేది. చిరాకు మంచి దుప్పటి. దాని కింద ఏం పడుకుందో ఎవరికీ కనబడదు.

ఈ రోజు మాత్రం చిరాకుకు కొదవ లేదు. పొద్దున రాగానే తోడల్లుడు తన కోరికల చిట్టా విప్పాడు. వైఫై పేరులో సెంటర్ పేరు రావాలి, దాని వెనకే 'మీ ఆరోగ్యమే మా ఆనందం' అన్న మాటా రావాలి. వచ్చినవాళ్లు ఫోన్ తెరవగానే చదువుకుంటారట. అంత పొడుగు పేరు పట్టదని చెప్తే, ఇంత పెద్ద డబ్బాకు అంత పేరు పట్టకపోవడమేమిటని నొచ్చుకున్నాడు. కనీసం ఆనందమైనా ఉంచమన్నాడు. స్టాఫ్‌కు వేరే వైఫై కావాలి. రిపోర్టుల కోసం కూర్చునేవాళ్లకు వేరే కావాలి. అది రావాలి గానీ మరీ బాగా రాకూడదు, వస్తే లేచి వెళ్లరు. ఇవన్నీ మధ్యాహ్నానికల్లా అయిపోవాలి. "నీకిదెంత పని తమ్ముడూ, కళ్లు మూసుకుని చేస్తావు" అన్నాడు. నిజంగా కళ్లు మూసుకునే చేశానేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

స్టాఫ్ వైఫై పొద్దున్నే ఇచ్చేశాడు. ఫోన్లూ, రిసెప్షన్‌లోని లాప్‌టాప్, మిషన్ల దగ్గరి కంప్యూటర్, అన్నీ ఎక్కాయి. నెట్ అన్ని గదుల్లోనూ పరిగెత్తింది. తోడల్లుడు మిషన్ల గదిలో నిలబడి ఫోన్‌లో ఏదో వీడియో పెట్టి, ఆగకుండా ఆడుతోందని అందరికీ చూపించాడు. చిక్కల్లా ఒక్కచోటే వచ్చింది. రక్తం తీసే గదిలో స్టిక్కర్ మిషన్ ఒకటుంది, అరచేయంత తెల్లటిది. వదిన రిసెప్షన్‌లో మనిషి పేరు కొట్టగానే, వైఫై మీదుగా అది ఇక్కడ చిన్న స్టిక్కర్‌గా బయటికొస్తుంది. దాన్ని రక్తం ట్యూబుకు అంటిస్తారు. ఆ మిషన్‌ను కూడా అతనే కొత్త వైఫైకి ఎక్కించాడు. ఎక్కినట్టు దాని మీద పచ్చ లైటు వెలిగింది. స్టిక్కర్ మాత్రం రాలేదు. రిపోర్టుల ప్రింటర్ తీగతో లాప్‌టాప్‌కే తగిలించి ఉంటుంది కాబట్టి అది మామూలుగానే పనిచేసింది. అన్నీ బాగుండి ఇదొక్కటే చచ్చిందంటే పాపం దీనిదేనని అందరూ ఒక నిర్ణయానికి వచ్చారు.

పాపం దానిదైతే, దాన్ని ముట్టుకున్న మనిషిదవుతుంది. రక్తం తీసే గదిలో పనిచేసే ఆవిడను అందరూ సిస్టర్ అంటారు. నడివయసు మనిషి, మాట తక్కువ, చెయ్యి తేలిక. సూది గుచ్చిన సంగతి అయిపోయాక తెలుస్తుందని వచ్చినవాళ్లంటారు. ఆవిడకు శుభ్రం పిచ్చి. రోజూ గది తెరవగానే బల్లా, కుర్చీ చేతులూ, తలుపు గడియా స్పిరిట్‌తో తుడిచిగానీ మొదటి మనిషిని పిలవదు. ఈ పొద్దున ఆ ఊపులో స్టిక్కర్ మిషన్‌ను కూడా తుడిచింది. తుడుస్తుండగా తోడల్లుడు చూశాడు. అంతకన్నా సాక్ష్యం ఎవరికి కావాలి?

తోడల్లుడు ఆ మిషన్‌ను చేతిలోకి తీసుకుని, తిప్పి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసి, నడవలోకి వచ్చి అతన్నే అడిగాడు, ఇది తడి లోపలికి పోవడం వల్లేనంటావా అని. అప్పుడతను పేరులో ఆనందం పట్టించే పనిలో ఉన్నాడు. తలెత్తకుండానే, "అయ్యుండొచ్చు అన్నయ్యా" అన్నాడు.

మాట చిన్నది. అబద్ధమూ కాదు. లోకంలో ఏదైనా అయ్యుండొచ్చు. కానీ ఆ మాట వైఫై బాబాయి నోట్లోంచి వచ్చేసరికి తీర్పయిపోయింది. తోడల్లుడు అటునుంచటే రక్తం తీసే గదిలోకి వెళ్లాడు. గోడ అవతల ఏమన్నాడో పూర్తిగా వినబడలేదు. చివరి మాటలు మాత్రం తిరిగొస్తూ గుమ్మం దగ్గర, అతనికీ వినబడేలా అన్నాడు.

"మిషన్ ముట్టుకోవడం తెలీని మనిషిని మిషన్ల దగ్గర పెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ. సోమవారం నుంచి బయట తిరిగే డ్యూటీ చెయ్యమన్నాను."

బయట తిరిగే డ్యూటీ అంటే ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకురావడం. ఆ పని చేసేవాడు మానేశాక ఎవరు దొరుకుతారా అని తోడల్లుడు చూస్తూనే ఉన్నాడు. పిలిచేవాళ్లందరూ లేవలేనివాళ్లే, ఉండేది లిఫ్టు లేని మేడల మీద. మెట్లెక్కి దిగడమే ఉద్యోగం. సిస్టర్‌కు మోకాలు బాగుండదని సెంటర్‌లో అందరికీ తెలుసు. గుమ్మం దగ్గరున్న రెండు మెట్లు దిగడానికే ఆవిడ గోడ పట్టుకుని, పక్కవాటుగా, ఒక్కో కాలూ దించుకుంటుంది.

అది తన సమస్య కాదని అతను సర్దిచెప్పుకున్నాడు. తన సమస్య వైఫై. వైఫై వస్తోంది. అప్పటి నుంచీ అతను ఆ గది ముందు నుంచి వెళ్లడం మానేశాడు. మంచినీళ్ల కోసం వెళ్లాల్సివస్తే మిషన్ల గదిలోంచి తిరిగి వెళ్లాడు. ఎందుకలా వెళ్తున్నానని ఒకసారి అనుమానం వచ్చింది. ఆ దారిలో చల్లగా ఉంటుందని సమాధానం చెప్పుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే సమాధానాలు ఎంత నాసిరకంగా ఉన్నా చెల్లిపోతాయి, అడిగేవాడూ వినేవాడూ ఒకడే కాబట్టి.

భోజనాల వేళ దాటాక సిస్టరే సామాన్ల గదికి వచ్చింది. ట్యూబుల పెట్టె కావాలి. అది అతని స్టూలు వెనకే ఉంది. అతను లేచి, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, ఒక చేత్తో పెట్టె దించి ఇచ్చాడు. ఆవిడ చేతి నిండా మార్కర్ సిరా. స్టిక్కర్లు లేవు కాబట్టి పొద్దుటి నుంచీ పేర్లన్నీ చేత్తోనే రాస్తోంది. పెట్టె అందుకుని కూడా ఆవిడ కదల్లేదు.

"సార్, ఒకటి అడగనా? తడి ఆరిపోతే మళ్లీ పనిచేస్తుందంటారా?"

"ఏది?" అన్నాడు, తెలిసే.

"స్టిక్కర్ మిషన్. ఇదివరకు కూడా తుడిచేదాన్ని, ఏమీ కాలేదు. ఇవాళ కాస్త ఎక్కువ తడిపానేమో. బట్ట పిండానో లేదో గుర్తు రావడం లేదు. పిండే ఉంటాను. ఎప్పుడూ పిండుతాను." కాస్త ఆగింది. "మీరు కూడా తడే అన్నారంట కదా. మీరన్నారంటే అదే అయ్యుంటుంది."

ఆ చివరి మాటలో దెప్పిపొడుపు ఉందేమోనని అతను ఆవిడ మొహంలో వెతికాడు. ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకోవచ్చు. లేదు. ఆవిడ నిజంగానే నమ్మింది. పొద్దున బట్ట పిండిన చేతులు తనవేనా కాదా అని తన చేతుల్నే అనుమానంగా చూసుకుంటోంది. ఒక మనిషి చెయ్యని తప్పును ఇలా కూడా నమ్ముతుందన్నమాట: ముందు నలుగురూ అంటారు, తర్వాత తెలిసినవాడొకడు అయ్యుండొచ్చంటాడు, ఆ తర్వాత జ్ఞాపకమే వంగి దారిస్తుంది. చెయ్యని తప్పని మాత్రం తనకెలా తెలుసు? తెలియదు. 'చెయ్యని' అనే మాట ఎక్కడి నుంచి వచ్చి తన ఆలోచనలో చేరిందో అర్థం కాక చిరాకు పడ్డాడు.

"ఆరనివ్వండి, చూద్దాం" అన్నాడు.

ఆవిడ తలూపి, పెట్టె నడుముకు ఆనించుకుని వెళ్లిపోయింది. నడవలో ఆవిడ చెప్పుల చప్పుడు ఒక కాలిది గట్టిగా, ఒక కాలిది మెల్లగా వినిపించింది.

ఈలోపు భార్య ఫోన్. అయిపోయిందా, సాయంత్రం వస్తున్నావా అని. ఎక్కడ అవుతుంది, డబ్బా ఒకటంటే తను ఒకటంటున్నానన్నాడు. ఆమె నవ్వి, రాకపోతే రాదని చెప్పి వచ్చెయ్యరాదూ, బావేమీ ఉరితియ్యడు అంది. ఆమెకు చాలా తేలిక. ఆ హాల్లో ఆమె పుట్టింది. కుర్చీ కోసం ఆమె ఎన్నడూ వెతుక్కోలేదు. ఆ మాటనబోయి మింగేసి, వచ్చేస్తానన్నాడు.

ఇక మిగిలింది వచ్చిపోయేవాళ్ల వైఫై. విసుగ్గా కొత్త నెట్‌వర్క్ పేజీ తెరిచాడు. పేరు పెట్టాడు. ఆనందం మొత్తానికి పట్టింది. కిందకి జరుపుతుంటే ఒకచోట చిన్న చదరపు గడి, దాని పక్కన 'క్లయింట్ ఐసొలేషన్' అన్న మాట. దీంట్లో టిక్కు ముందే పెట్టి ఉంది. బాణం గుర్తు దాని మీదికి పోగానే ఒక పసుపు చీటీ తెరుచుకుంది: ఈ వైఫైలో ఉన్న పరికరాలు ఇంటర్నెట్ వాడుకోగలవు, కానీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు.

అతని వేలు టచ్‌ప్యాడ్ మీదే ఆగిపోయింది.

ఈ వాక్యం పొద్దున చదివాడు. ఇదే వాక్యాన్ని, స్టాఫ్ వైఫై పేజీలో. అక్కడ టిక్కు లేదు. ఖాళీ గడి. అప్పుడు చదివినప్పుడు లోపలెక్కడో చల్లగా తగిలింది. ప్రతి ఒక్కరికీ బయటి ప్రపంచానికి తన దారి ఉంటుంది. పక్కవాడు ఉన్నాడని తెలియనక్కర్లేదు, పక్కవాడికి నువ్వున్నావని తెలియనక్కర్లేదు. ఎవరి కనెక్షన్ వారిదే. పండుగో పెళ్లో అని లేకుండా ప్రతి ఆదివారమూ కిక్కిరిసే అత్తవారి హాలు కళ్ల ముందుకొచ్చింది. కిటికీ పక్క కుర్చీ గుర్తొచ్చింది. ఇలాంటి గడి ఒకటి మనుషులక్కూడా ఉంటే ఎంత హాయి అనుకున్నాడు. అనుకుని, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, నవ్వుకుంటూ టిక్కు పెట్టాడు. ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే సెక్యూరిటీ కోసమని చెప్పేవాడు. ఎవరూ అడగలేదు.

స్టాఫ్ వైఫై పేజీ తెరిచాడు. పాస్‌వర్డ్ అడుగుతుందేమోనని ఆశపడ్డాడు. అడగలేదు. గడిలో టిక్కు నిక్షేపంలా ఉంది. పొద్దుటి నుంచీ ఎన్నో సెట్టింగుల్ని మింగేసిన ఈ డబ్బా, దీన్ని మాత్రం భద్రంగా దాచిపెట్టింది.

ఇంకేముంది, విషయం అద్దంలా కనిపిస్తోంది. వదిన లాప్‌టాప్ వైఫై మీద ఉంది. స్టిక్కర్ మిషన్ వైఫై మీద ఉంది. రెండింటికీ నెట్ వస్తోంది. కానీ ఆ లాప్‌టాప్‌కు ఈ మిషన్ ఉన్నట్టే తెలియదు. పొద్దుటి నుంచీ వదిన కొట్టిన పేర్లన్నీ గుమ్మం దాకా వచ్చి, లోపల ఎవరూ లేరనుకుని వెనక్కి పోయాయి. మిషన్ పచ్చ లైటు వెలిగించుకుని, ఎవరైనా పిలుస్తారేమోనని కూర్చునే ఉంది. ఒక్క చుక్క తడి కూడా దాని లోపలికి పోలేదు.

అతనికి మొదట వచ్చింది పశ్చాత్తాపం కాదు, ఒళ్లు మంట. ఇంత ప్రమాదమైన గడిని అంత చిన్నగా ఎవడు పెట్టమన్నాడు? ఎలక్ట్రీషియన్‌తో పాటు తెలిసినవాణ్ణి పిలిస్తే తోడల్లుడి సొమ్మేం పోయేది? ఆవిడకు ఇవాళే మిషన్ తుడవాలనిపించిందా? అలా వరసగా అందరి మీదా కోపం తెచ్చుకుని, తెచ్చుకోవడానికి ఇంకెవరూ మిగలక, చివరికి ఆగాడు. పొద్దుటి నుంచీ తన చిరాకంతా డబ్బా మీద చూపిస్తున్నట్టు కనిపించినా, నిజానికి సిస్టర్ నుంచి దాక్కోవడమేనని అప్పుడు తెలిసింది. నీళ్లకు తిరుగుదారిలో వెళ్లిన కాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు.

టిక్కు తీసెయ్యడం క్షణం పని. తీసేస్తే ఏమవుతుందో అతని మనసు చకచకా చూపించింది. స్టిక్కర్ మిషన్ ఒక్కసారిగా కక్కడం మొదలుపెడుతుంది. తోడల్లుడు పరిగెత్తుకొస్తాడు. చెయ్యి పడితే చాలన్న మాట మళ్లీ వినిపిస్తుంది. సాయంత్రానికి మామగారింటికి కబురు చేరుతుంది. చచ్చిన మిషన్‌ను కూడా మా తమ్ముడు బతికించాడని తోడల్లుడు హాలంతా చెప్తాడు. తను పడగొట్టిన దాన్ని తనే లేపి మెప్పు పొందవచ్చు. అందుకు తను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడం. అది అతనికి వెన్నతో పెట్టిన విద్య.

కానీ ఆ బొమ్మలో ఒక మూల సిస్టర్ ఉంది. మిషన్ బాగైతే, తడి ఆరింది కాబట్టి బాగైందంటారు. తడిపింది ఆవిడేనని ఇంకా గట్టిపడుతుంది. సోమవారం నాటి మెట్లు అలాగే ఉంటాయి. ఆవిడ కూడా అలాగే నమ్ముతుంది. మోకాలు పట్టుకుని ఏదో ఒక మేడ మెట్ల మధ్య ఆగినప్పుడల్లా, ఆ రోజు బట్ట పిండానా లేదా అని గుర్తు తెచ్చుకుంటూ ఉంటుంది. ఎంత గుర్తు తెచ్చుకున్నా గుర్తు రాదు.

మెల్లగా చెప్పవచ్చు కదా, తోడల్లుణ్ణి పక్కకు పిలిచి, ఆవిడని పంపకండి అని? పంపకపోవడానికి కారణం అడుగుతాడు. కారణం ఈ గడి. ఎటు తిరిగినా ఈ గడి దగ్గరికే వచ్చి ఆగుతోంది దారి. అతను డ్రాయింగుల్లో ఇలాంటివి చూశాడు. ఎన్ని గదులు గీసినా బయటికి తలుపు ఒక్కటే ఉంటుంది. దాన్ని మూస్తే ఇల్లంతా అందంగానే ఉంటుంది, కాకపోతే ఎవరూ బయటికి రాలేరు.

రక్తం తీసే గదిలోంచి తోడల్లుడి గొంతు వినిపించింది. ఏ వీధి తర్వాత ఏ వీధికి వెళ్లాలో, ఎక్కడ ఏ బెల్లు కొట్టాలో సిస్టర్‌కు వివరిస్తున్నాడు. ఆవిడ సరే సార్, సరే సార్ అంటోంది. ఎదురు చెప్పడం లేదు. చెప్పే హక్కు తనకు లేదని ఒప్పేసుకున్న గొంతు అది.

అతను లేచాడు. కాలు తిమ్మిరెక్కింది. లాప్‌టాప్ తెరిచే పట్టుకుని, నడవలోంచి, ఈసారి తిన్నగా వెళ్లాడు. గదిలో సిస్టర్ బల్లకు ఇవతల నిలబడి ఉంది. తోడల్లుడు రక్తం ఇచ్చేవాళ్లు కూర్చునే కుర్చీలో, చెయ్యి ఆనించే దిండు మీద మోచెయ్యి పెట్టుకుని దర్జాగా ఉన్నాడు. స్టిక్కర్ మిషన్ బల్ల చివర, కింద కాగితం పరిచి, ఆరబెట్టినట్టు బోర్లించి ఉంది.

"రా తమ్ముడూ, ఆనందం పట్టిందా?" అన్నాడు తోడల్లుడు.

"పట్టింది అన్నయ్యా. ఈ మిషన్ సంగతి చెప్పాలి. దీనికేం కాలేదు."

"బాగుచేశావా?"

"బాగు చెయ్యడానికి అది చెడితే కదా. పొద్దున స్టాఫ్ వైఫైలో ఒక టిక్కు పెట్టాను. అది పెడితే ఒకదానికొకటి కనబడవు. అందుకే వదిన లాప్‌టాప్ దీన్ని పట్టుకోలేకపోతోంది. తడికీ దీనికీ సంబంధం లేదు."

తోడల్లుడు దిండు మీంచి మోచెయ్యి తీశాడు. "మరి పొద్దున తడే అన్నావు కదా నువ్వు."

"మీరడిగారు, అయ్యుండొచ్చన్నాను." లాప్‌టాప్ ఇంకో చేతికి మార్చుకున్నాడు. "అప్పుడు నాకు తెలీదు. తెలీదనే చెప్పాల్సింది."

మాట బయటికొచ్చేసింది. తెలీదన్న మాట. గది గోడలేమీ కదల్లేదు. తోడల్లుడు అతని వైపు, మిషన్ వైపు, సిస్టర్ వైపు చూసి, నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక, కోపానికి కారణం వెతికే ఓపిక లేక నవ్వు వైపే మొగ్గాడు.

"అయితే మా పిల్లలు నీకు ఊరికే పెట్టారయ్యా ఆ పేరు. ఇంటికెళ్లి మార్పిస్తానుండు."

అది తగలాల్సిన చోటే తగిలింది. ఇంతకన్నా నొప్పి పుడుతుందనుకున్నాడతను. ఇంకా పుడుతుందేమోనని ఆగి చూశాడు. ఆదివారం హాల్లో ఈ మాట ఇంకా పెద్దదై, తోకా తొండమూ వచ్చి, నలుగురి ముందూ తిరిగి వస్తుందని తెలుసు. రానీ.

సిస్టర్ మాత్రం తోడల్లుడి హాస్యం వినలేదు. బల్ల అంచు పట్టుకుని అతన్నే చూస్తోంది.

"అంటే నేను తుడవడం వల్ల కాదా సార్?"

"కాదండీ. మీరు ఎంత తుడిచినా ఇలా అవదు. ఇది నా వల్లే."

ఆవిడ బోర్లించిన మిషన్‌ను రెండు చేతులతో తీసి, నిలబెట్టి, కింద కాగితం మడతపెట్టి చెత్తబుట్టలో వేసింది. ఆ తర్వాత తోడల్లుడి వైపు తిరిగి, "సోమవారం నేను ఇక్కడికే వస్తాను సార్" అంది. అడిగినట్టు లేదు. తోడల్లుడు ఏదో అనబోయి, "ముందు అది పనిచేస్తుందో లేదో చూడనీ" అన్నాడు.

అతను లాప్‌టాప్‌ను బల్ల మీద, ముగ్గురికీ కనబడేలా తిప్పి పెట్టాడు. గడి ఎక్కడుందో వేలుతో చూపించాడు. తోడల్లుడు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. బాణం గుర్తును మెల్లగా ఆ టిక్కు మీదికి తెచ్చి, వాళ్లిద్దరూ చూస్తుండగా, అతను దాన్ని తీసేశాడు.